సొంత నోటితో

చికాగో,
9 ఏప్రిల్ 1972

ఓజెల్లా అక్కకి,

క్రిస్మస్ కార్డు కాకుండా కవరు వచ్చిందంటే ఎవరో పోయారనుకుంటావు. ఎవరూ పోలేదు. నేనే, నీ నీసీని. నీ ముందు ఎవరైనా జుట్టు సాపు చేయించుకుంటూ కూర్చుని ఉంటే ముందు వాళ్ళ పని కానివ్వు. వేడి దువ్వెన చేత్తో పట్టుకుని చదవకు, పాపం వాళ్ళ చెవి కాలుతుంది.

అక్కా, నేను మళ్ళీ మన చర్చిలో చేరాలనుకుంటున్నాను.

నవ్వుతున్నావా? నవ్వు. పదకొండేళ్ళ కిందట ఆ చర్చిలో అందరూ చేతులెత్తి నన్ను వెలేస్తుంటే నేనూ నవ్వాను. పందొమ్మిదేళ్ళ పొగరు. మెంఫిస్ వెళ్ళి రికార్డు ఇచ్చాను, రేడియోలో వస్తున్నాను, మీ చర్చి ఎవడిక్కావాలి అనుకున్నాను. చేసింది మామూలు పనేం కాదులే. సమాధి దగ్గర పాడే పాట అది. "వాన వెలిసేదాకా ఉండు ప్రభువా" అని అమ్మమ్మల నాటి నుంచి మనవాళ్ళు ఏడుస్తూ పాడిన పాటలో ప్రభువుని తీసేసి "మావా" అని పెట్టాను. డ్రమ్ములు కొట్టించాను. దేశమంతా గంతులేసింది. ఆ ఒక్క పాటే నాకు కారిచ్చింది, ఇల్లిచ్చింది. అమ్మ పోయిన రోజున చర్చి మెట్ల కింద నిలబెట్టిందీ అదే. లోపల మీరంతా పాడుతుంటే నేను కారుకి ఆనుకుని విన్నాను.

ఇప్పుడు ఎక్కడ పాడినా జనం లేచి నిలబడి నా పేరు అరుస్తారు. దిగి వచ్చి మొహం కడుక్కుంటే ఎవరూ ఉండరు. నాకు మన మూడో బల్ల చివర కూర్చోవాలని ఉంది అక్కా. పోయాక అమ్మ పక్కన పడుకోవాలని ఉంది. వెలిపడ్డవాళ్ళకి చర్చి నేలలో చోటు లేదు కదా.

చర్చి పెద్ద టాలివర్ డీకన్ గారు ఆ రోజు అన్న మాట నేను మర్చిపోలేదు. "ఎప్పుడైనా సరే, సంఘం ముందు నిలబడి సొంత నోటితో క్షమాపణ అడుగు. అప్పుడు మళ్ళీ చేతులెత్తి తీసుకుంటాం." సరే, అడుగుతాను. మే నెల మొదటి ఆదివారం వస్తాను. పాస్టరు గారితో నువ్వు మాట్లాడిపెట్టు.

తొందరెందుకంటే, గొంతులో చిన్న కాయ లాంటిది లేచింది. డాక్టరు కొయ్యాలంటున్నాడు. కోస్తే కొన్నాళ్ళు మాట్లాడకూడదట. అడగాల్సింది అడిగేసి కోయించుకుంటే నాకు నిశ్చింత. కంగారు పడకు, పాడేవాళ్ళకి ఇది మామూలే.

నీ చెల్లెలు
నీసీ


హాలిస్ క్రీక్, మిసిసిపి
17 ఏప్రిల్

నీసీకి ప్రభువు పేరిట వందనాలు.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. సిస్టర్ ఫానీ చెవి నిజంగానే కాలింది, ఆ పాపం నీ లెక్కలో రాసుకో. "ఎవరు పోయారే ఓజెల్లా?" అని ఆవిడ చెవి పట్టుకుని ఒకటే గోల. ఎవరూ పోలేదు, ఒకతి తిరిగొస్తోంది అన్నాను.

ఈ పదకొండేళ్ళు నేనిక్కడ ఎలా నెట్టుకొచ్చానో నీకేం తెలుస్తుందే. చికాగోలో నీకు చప్పట్లు. ఇక్కడ నాకు సూటిపోటి మాటలు. "ఏం ఓజెల్లా, రాత్రి సారా పాకలో మీ చెల్లెలి పాటే వేశారటగా" అని నా కుర్చీలోనే కూర్చుని, నా చేత జుట్టు దువ్వించుకుంటూ అంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. ఏమన్నా అంటే మళ్ళీ వారం రారు. ఇప్పటి ఆడపిల్లలసలే జుట్టుని పొదలా వదిలేసి తిరుగుతున్నారు, దువ్వెన పేరెత్తితే కరవడానికొస్తున్నారు.

బాస్కిన్ పాస్టరు గారితో మాట్లాడాను. మంచాయన, కొత్తవాడు, నీ సంగతి విని సంతోషించాడు. కానీ మేలో కుదరదట. క్షమాపణలు ఇప్పుడు ఏటా ఆగస్టులో జరిగే ఉజ్జీవ కూటాల్లోనే వింటున్నారట. కాబట్టి ఆగస్టు రెండో ఆదివారానికి రా. డెట్రాయిట్‌కీ, సెయింట్ లూయీకీ పోయిన మనవాళ్ళంతా అప్పటికి కార్లేసుకుని దిగుతారు. నీకూ తోడుగా ఉంటుంది.

గొంతుకి నిమ్మరసం, తేనె కలిపి తాగు. ఆ చల్లటి బీర్లు మానెయ్. తాగవని నాకు చెప్పకు, రికార్డు అట్ట మీద బొమ్మలో నీ చేతిలో ఏముందో చూశాను.

అక్క
ఓజెల్లా


క్లీవ్‌లాండ్,
14 మే

అక్కా,

అది బీరు కాదు, అల్లం సోడా. నువ్వు నమ్మవనుకో.

ఆగస్టు చాలా దూరం అక్కా. జూన్‌లో కుదరదా? మొదటి ఆదివారం ఎవరో ఒకరు ముందుకెళ్ళి సాక్ష్యం చెప్పేవాళ్ళు కదా మన చిన్నప్పుడు. అందరితో పాటు నేనూ లేచి రెండు ముక్కలు అడిగి కూర్చుంటాను. పాస్టరు గారి కాళ్ళు పట్టుకో. టాలివర్ గారి కాళ్ళు కూడా పట్టుకో, నా తరఫున కాస్త గట్టిగా పట్టుకో.

గొంతు బాగుండటం లేదు. పై స్థాయిలు వెనక నిలబడే ఆడపిల్లలకి ఇచ్చేస్తున్నాను. నేను మైకు జనం వైపు తిప్పి "మీరు పాడండి" అంటాను. వాళ్ళు పాడతారు. ఎంత బాగా పాడతారో! నేను కూర్చున్నా ఆట నడిచిపోతుంది. అది చూస్తే నవ్వొస్తోంది, భయమూ వేస్తోంది. నా డ్రమ్మర్ క్లోవిస్ ఉన్నాడు చూడు, ఆ మొదటి రికార్డు నాటి నుంచీ నా వెంటే ఉన్నవాడు, వాడు కర్రలు కింద పడేసి గోల. "నీసీ, ఇంక పాడకు, నీ కాళ్ళు మొక్కుతా, ఆసుపత్రికి పద." వాడికి అన్నింటికీ కంగారే.

డాక్టరు మూడుసార్లు కబురు పెట్టాడు. ఇంకొన్నాళ్ళు ఆగమన్నాను. ఆయన తిట్టాడు. తెల్ల డాక్టర్లు తిట్టరనుకునేదాన్ని, శుభ్రంగా తిడతారు.

జూన్ సంగతి వెంటనే రాయి. అక్కా, వెంటనే.

నీసీ


హాలిస్ క్రీక్
22 మే

నీసీ,

చెప్పింది వినవు కదా! ఆగస్టు అంటే ఆగస్టే. టాలివర్ డీకన్ గారు తన మాట తనే కిందపెట్టే మనిషి కాదని నీకూ తెలుసు. ఎనభై దగ్గరపడ్డాయి, ఇప్పటికీ ఆ బొంగురు గొంతుతో ప్రార్థన అందుకుంటే కిటికీలు అదురుతాయి. నీ సంగతి ఎత్తాను. "సొంత నోటితో అడగాలి సిస్టర్, అంతే. కబుర్లూ రాయబారాలూ చెల్లవు" అన్నాడు. కాబట్టి తొందరపడకుండా, పెద్ద కూటంలో, అందరి ముందూ మర్యాదగా అడుగుదువుగాని.

నీకు తెల్ల గౌను కుట్టిస్తున్నాను. కొలత పాతదే ఇచ్చాను, నువ్వు లావెక్కావో చిక్కావో నాకు తెలియదు, రికార్డు అట్టల మీద నడుం ఎప్పుడూ ఒకలాగే కనిపిస్తుంది. నేనొక టోపీ కొనుక్కున్నాను, నీలం రంగుది, ఈకతో. కూటాలకి జెల్ల చేపల వేపుడు నా వంతు, మొక్కజొన్న రొట్టెలు ఫానీ వంతు. డెట్రాయిట్ నుంచి పెద్దబాబాయి పిల్లలంతా వస్తామని రాశారు. ఆ రోజు ఎవరెవరు ఎంత ఎత్తున చేతులెత్తారో నాకు గుర్తుందే. వాళ్ళంతా ఉండాలి. వాళ్ళంతా చూడాలి.

టెనీ అవ్వ నిన్ను అడిగింది. సంఘానికంతటికీ పెద్దావిడ, తెల్ల బట్టల్లో ముందు బల్ల మీద ఇంకా అలాగే కూర్చుంటోంది, కానీ చూపు పోయింది. నువ్వు పాడు చేసినప్పటి నుంచి ఆ పాట మన చర్చిలో ఎవరూ ఎత్తడం లేదు కదా, ఆవిడకి అదే దిగులు. "నన్ను ఏ పాటతో గోతిలో దింపుతారే? అది పాడించుకోకుండా నేను పోను" అని బెదిరిస్తోంది.

గొంతుని కాస్త జాగ్రత్తగా పెట్టుకో. ఆ ఒక్క రోజుకి కావాలి మనకి.

అక్క


సెయింట్ లూయీ,
8 జూన్

అక్కా,

ఇప్పుడు నేను రాసేది కూర్చుని చదువు.

అది కాయ కాదు. కాన్సరు. మార్చిలోనే చెప్పారు. పీకలో మాట పుట్టే డబ్బా ఉంటుందట, దాన్ని మొత్తం తీసెయ్యాలన్నారు. మెడకి కన్నం పెడతారు, ఊపిరి అక్కడి నుంచే. కొన్నాళ్ళు మాట్లాడకూడదని నీకు రాశాను చూడు, అది అబద్ధం. ఇక ఎప్పటికీ మాట ఉండదు. పాట సంగతి సరే, "మంచినీళ్ళు" అని అడగడానికి కూడా ఉండదు.

మార్చిలోనే కోసేస్తే బతుకుతావన్నారు. నేనే ఆగాను. నోరు పోయాక సొంత నోటితో ఎలా అడగను? అడగకుండా పోతే అమ్మ పక్కన చోటేది? ఇంకొక్క నెల ఆగి, మేలో అడిగేసి, తిన్నగా వెళ్ళి కత్తి కింద పడుకుందామనుకున్నాను. నువ్వు ఆగస్టన్నావు. సరే ఆగస్టు దాకా ఉంటుందిలే అనుకున్నాను.

నిన్న రాత్రి పాట మధ్యలో నెత్తురు పడింది. మైకు మీద, నా తెల్ల చేతితొడుగుల మీద. ముందు వరసలో ఒకావిడ కేక పెట్టింది. క్లోవిస్ డ్రమ్ముల మీంచి దూకి వచ్చి నన్ను ఎత్తుకుపోయాడు. జనం ఇంకా పాడుతూనే ఉన్నారు, వాళ్ళకి తెలియలేదు.

నాకు చావంటే భయంగా ఉందే అక్కా. నాకు ముప్ఫయ్యేళ్ళే. మాట లేకుండా బతకాలన్నా అంతే భయంగా ఉంది. పాస్టరు గారికి ఉన్నదున్నట్టు చెప్పు. జూలై మొదటి ఆదివారం నన్ను లోపలికి రానివ్వమను. ఆగస్టుకి నా దగ్గర మాట ఉండదు. నేనే ఉండనేమో.

నీసీ


హాలిస్ క్రీక్
13 జూన్

నీసీ, నా తల్లీ,

ప్రూయిట్ కొట్టుకి పరిగెత్తి సెయింట్ లూయీలో మీరు పాడిన చోటికి ఫోను చేశాను. వాళ్ళు వెళ్ళిపోయారు అన్నారు. ఎక్కడికంటే తెలియదన్నారు. చికాగో ఇంటికి చేశాను, ఎవరూ ఎత్తలేదు. కొట్లో మనుషులంతా చూస్తుండగా కింద కూలబడి ఏడ్చాను. చూస్తే చూడనీ.

నీకొక మాట చెప్పాలి. చెప్పాక నువ్వు నా మొహం చూడవని తెలుసు. ఆగస్టు దాకా ఆగమని పాస్టరు గారు అనలేదు. ఆయన మేలోనే రమ్మన్నాడు. "ఎప్పుడొచ్చినా తలుపు తీసే ఉంటుంది, వచ్చే ఆదివారమైనా సరే" అన్నాడు. నేనే మార్చి రాశాను. మే మొదటి ఆదివారం చర్చిలో ఎవరుంటారు? యాభై మంది. నిన్ను వెలేసిన రోజు బల్లలు చాలక జనం గోడల వెంట నిలబడ్డారు. నా చెల్లెలు వచ్చి తల వంచేటప్పుడు, సంఘం దాన్ని కావలించుకునేటప్పుడు, ఆ జనమంతా మళ్ళీ ఉండాలనుకున్నాను. నేను నీలం టోపీ పెట్టుకుని పక్కన నిలబడాలనుకున్నాను. ఇదీ నా బుద్ధి.

కాయ అన్నావు నువ్వు. కాయే అనుకున్నాను. ఒక్క ముక్క నిజం రాసి ఉంటే చంకనెత్తుకుని తెచ్చేదాన్ని కదే! ఇప్పుడు నిన్ను తప్పుపడుతున్నానా? లేదు, లేదు. నేనే నీ పీక నొక్కాను. రెండు నెలలు నొక్కాను.

చర్చి వద్దు, క్షమాపణ వద్దు, ఏమీ వద్దు. ఆసుపత్రికి పో. ఈ రోజే పో. నువ్వు మాట్లాడకపోయినా పర్లేదు, బతికి నా కళ్ళ ముందు కూర్చో చాలు. ఎప్పటికీ నన్ను తిట్టలేవనేగా నీ బాధ, కాగితం మీద రాసి తిట్టు, చదువుకుంటాను.

ఓజెల్లా


చికాగో
20 జూన్

ఓజెల్లాకి,

చదివాను. రెండుసార్లు చదివి అవతల పడేశాను. మళ్ళీ తీసుకుని చదివాను.

ఒక్క టోపీ కోసం. నేను వేదికల మీద వెలిగిపోవాలని ఆశపడితే పాపమని వెలేశారు. అదే వెలుగు నీకు కావలసి వచ్చింది, నా నెత్తి మీద కూర్చుని మరీ. నీకూ నాకూ తేడా ఏముందే? నేను ప్రభువు పేరు తీసి మావా అన్నాను. నువ్వు పాస్టరు పేరు పెట్టి అబద్ధం చెప్పావు. మనిద్దరం ఒక తల్లి పిల్లలమే, సందేహం లేదు.

ఆసుపత్రికి పోను.

మాట పోయింది. సెయింట్ లూయీ తర్వాత గాలి తప్ప ఏమీ రావడం లేదు. కోయించుకున్నానా, ఇక రానే రాదు. కోయించుకోకుండా నోరు మూసుకుని పడుకుంటే కాస్త తిరిగి వస్తుందేమో. ఇంతకు ముందు రెండుసార్లు పోయి వచ్చింది. కాస్త వస్తే చాలు. పాట అక్కర్లేదు. "సంఘమా, నన్ను క్షమించండి." ఆ ముక్క చెప్పేటంత వస్తే చాలు. అది చెప్పి ఆ తర్వాత వాళ్ళు పీక కోసుకుంటారో తల కోసుకుంటారో నాకనవసరం.

పొద్దున్న లేవగానే అద్దం ముందు నిలబడి ఆ మాట అని చూస్తాను. పెదాలు కదులుతాయి. క్లోవిస్ గుమ్మంలో కూర్చుని ఉంటాడు, వాడికి వినబడకూడదని కుళాయి తిప్పుతాను. వినబడడానికి ఏముందని? మింగుడు పడటం లేదు. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు, కుర్చీలోనే నిద్ర. డాక్టరు ఇంటికొచ్చి, ఏ రోజైనా పీక పూర్తిగా మూసుకుపోవచ్చు, ఆ తర్వాత నేనేం చేయలేను అని చెప్పి వెళ్ళాడు. ఈసారి తిట్టలేదు.

నా మీద ఒట్టేసి నన్ను ఒప్పించాలని చూడకు. ఇంకొకసారి అదే రాస్తే కవరు చింపను.

వెర్నీస్


హాలిస్ క్రీక్
2 జూలై, ఆదివారం

నీసీ, చించావు కదా. చించినదానివి చివరిదాకా చదువు.

ఇవాళ మొదటి ఆదివారం. నేను టోపీ పెట్టుకోలేదు. పాస్టరు గారు "ఎవరికైనా చెప్పుకోవలసినది ఉందా?" అని అడగ్గానే లేచి ముందుకు పోయాను. "నా చెల్లెలు వెర్నీస్ తరఫున సంఘం ముందు క్షమాపణ అడుగుతున్నాను" అన్నాను.

టాలివర్ డీకన్ గారు కర్ర పట్టుకుని లేచారు. "సిస్టర్ ఓజెల్లా, నీకిదివరకే చెప్పాను. సొంత నోటితో అడగాలి."

"ఆ నోరు లేదయ్యా!" అని అరిచాను. చర్చిలో నేనెప్పుడూ అలా అరవలేదు. అంతా చెప్పేశాను. కాన్సరు సంగతి, కోస్తే మాట పోతుందని నువ్వు ఆగడం, నేను ఆడిన అబద్ధం, టోపీ, అన్నీ. "ఆ పిల్ల మీరు పెట్టిన నియమం కోసం ఊపిరాడకుండా కుర్చీలో కూర్చుని మాట కోసం కాచుకుంది. మీరు తీసుకుంటే బతుకుతుంది. లేదా చచ్చిపోతుంది. ఆ తర్వాత సొంత నోటితో ఎవర్ని అడగమంటారో మీరే చెప్పండి" అన్నాను.

విసనకర్రలు ఆగిపోయాయి. టాలివర్ గారు "నియమం నియమమే సిస్టర్" అనే అన్నారు. ఆయనకీ బాధగానే ఉంది, పాపం, కానీ పదకొండేళ్ళుగా పట్టుకున్న మాట వదలడం ఆయనకి చేతకాలేదు. నేను అక్కడే, పాస్టరు గారి బల్ల ముందు, మోకాళ్ళ మీద కూలబడ్డాను. ఇంక నా దగ్గర ఏమీ లేదు. నిన్ను పోగొట్టుకున్నాననే అనుకున్నాను.

అప్పుడు టెనీ అవ్వ ఎత్తుకుంది. కూర్చున్న చోటే, చూపు లేని మొహం పైకెత్తి, ఆ పగిలిన గొంతుతో. "వాన వెలిసేదాకా..." అని. పదకొండేళ్ళుగా ఆ పాట ఆ గోడల మధ్య లేదు. అవ్వకి ఊపిరి చాలక ఆగిపోయింది. మరి పెద్దలెవరైనా ఆగితే సంఘం అందుకోవాలి కదా, అందరూ ఒక్కసారి అందుకున్నారు.

"వాన వెలిసేదాకా ఉండు మావా!"

నీసీ, నిజం. నా మీద ఒట్టు. చర్చి చర్చంతా. క్వయర్లో పిల్లలు, ఫానీ, గుమ్మం దగ్గర తెల్ల చేతితొడుగులతో నిలబడే ఆషర్లు, పాస్టరు గారి భార్య. లూలా ఆర్గన్ మీద నీ రికార్డులో దరువే వేసింది, దాని చేతులకి ఇంకోటి తెలియదు. ఎలా తెలుస్తుంది? చర్చిలో మనం ఆ పాటకి తాళం వేశాం, రేడియో రోజూ తీసింది. పెద్దవాళ్ళు అసలు మాట మర్చిపోయారు, పిల్లలు అసలు మాట విననే లేదు. అందరికంటే గట్టిగా, కిటికీలు అదిరేలా, కిందిస్థాయిలో "మావా" అన్నది ఎవరనుకున్నావు? టాలివర్ డీకన్ గారు.

అని, ఆగిపోయారు. అందరూ ఆగిపోయారు. నోటి మీద చెయ్యేసుకున్నవాళ్ళు చెయ్యేసుకున్నారు. విసనకర్ర వెనక నవ్వుతో ఫానీ పొట్ట కదులుతోంది.

టెనీ అవ్వ అటు తిరిగి, "టాలివరూ, ఆ మాట నీ నోట్లో ఎవరు పెట్టార్రా?" అంది. ఎనభయ్యేళ్ళ మనిషిని పట్టుకుని "రా" అంది, ఆవిడ ఒక్కతే అనగలదు.

ఆయన కర్ర చేతులు మార్చుకున్నారు. "మా కోడలు రేడియో కట్టెయ్యదమ్మా" అన్నారు.

"కట్టెయ్యకపోతే బయటికి పోవచ్చుగా. కూర్చుని విన్నావు. పాడుకున్నావు కూడా. నేనూ విన్నాలే, కళ్ళే పోయాయి గానీ చెవులున్నాయి. ఆ పిల్ల ప్రభువు పేరు తీసేసిందని వెలేశాం. ఇవాళ ఆయన ఇంట్లోనే ఆయన పేరు తీసేశాం, అందరం కలిసి. సరే మరి. లే. ముందు నువ్వు అడుగు క్షమాపణ. సొంత నోటితో."

నీసీ, ఆయన అడిగారు. కర్ర పక్కన పెట్టి, బల్ల ముందు నా పక్కనే, ఆ మోకాళ్ళు వంచి. "సంఘమా, నన్ను క్షమించండి" అని ఏడ్చారు. ఆ వెనకే ఫానీ వచ్చింది. ఆ తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో నాకు తెలియదు, బల్లలు ఖాళీ అయిపోయాయి, అందరూ ముందుకే వచ్చి మోకరించారు. క్షమించడానికి వెనక ఎవరూ మిగల్లేదు. పాస్టరు గారు ఒక్కరే నిలబడి, ఏం చెయ్యాలో తెలియక, "సిస్టర్ వెర్నీస్‌ని తీసుకోవడానికి ఎవరెవరు సమ్మతం?" అని అడిగారు. మోకాళ్ళ మీదే చేతులెత్తారు. ఆ చేతులే నీసీ. ఆ రోజు ఎత్తిన చేతులే. మొదటిది టాలివర్ గారిది.

నువ్వు లోపలున్నావు. పుస్తకంలో నీ పేరు ఎక్కించారు. అమ్మ పక్కన చోటు నీది, దానికి తొందరేం లేదు. ఇంక నువ్వు ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు, ఎవరి ముందూ నోరు తెరవక్కర్లేదు. ప్రూయిట్ కొట్టు తీయించి మీ ఇంటికి ఫోను చేశాను, లైను సరిగ్గా లేదు, ఏమీ వినబడలేదు. అందుకే డీకన్ గారి అల్లుడు ఈ ఉత్తరం పట్టుకుని కారులో బయల్దేరుతున్నాడు. రేపటికి నీ చేతిలో పెడతాడు. ఆ కారు ఎక్కి ఆసుపత్రికి పో. ఈ వారం నేనూ ఇంట్లో ఫోను పెట్టించుకుంటున్నాను, నంబరు రాగానే రాసి పంపిస్తాను.

పో తల్లీ. నీ కాళ్ళు పట్టుకుంటున్నాను.

అక్క


చికాగో, ఆసుపత్రి
24 జూలై

అక్కా,

పడుకునే రాస్తున్నాను, అక్షరాలు ఏరుకుని చదువు.

నీ ఉత్తరం క్లోవిస్ గట్టిగా చదివాడు. టాలివర్ గారు "మావా" అన్న దగ్గర నేను నవ్వాను. చప్పుడు రాలేదు, భుజాలు అదిరాయి. ఊపిరాడక వాడు నన్ను వంచి వీపు చరిచాడు. ఆ పూటే వచ్చి చేరాను.

మత్తు ఇచ్చే ముందు ఆ మాట గాలితోనే అన్నాను. అక్కర్లేదన్నావు గానీ అనాలనిపించింది. మాస్కు పట్టుకున్నాయన "ఏంటమ్మా? ఏం కావాలి?" అన్నాడు. ఏమీ వద్దని తల ఊపాను.

తీసేశారు. మెడకి కన్నం ఉంది, గుడ్డ కప్పి ఉంచుతారు. కాస్త ముందు వచ్చి ఉంటే, అని డాక్టరు మొదలుపెట్టి ఊరుకున్నాడు. మొత్తం పోయిందో, ఎక్కడైనా మిగిలిందో ఏడాది గడిస్తే గాని చెప్పలేడట. నీ మీద కోపం పోయిందని రాయాలని ఉంది. పోలేదే. నేను మార్చిలో నిజం చెప్పనందుకు నా మీదా ఉంది. రెండూ కలిసి పడుకుంటున్నాయి, నాకు నిద్ర రానివ్వడం లేదు.

మొన్న నర్సు దుప్పటి మారుస్తుంటే ఆమె జేబులో చిన్న రేడియోలో నా పాట వచ్చింది. ఆమెకి నేనెవరో తెలియదు, చీటీ మీద ఇంటి పేరే ఉంది. తను కూడా పాడుతూ దుప్పటి దులిపింది. "ఈవిడ గొంతంటే నాకు ప్రాణం. నువ్వెప్పుడైనా విన్నావా?" అని అడిగింది. విన్నానని తల ఊపాను. గోడ వైపు తిరిగి పడుకున్నాను. అక్కా, ఆ గొంతు ఊరంతా తిరుగుతోంది, నా దగ్గరకి మాత్రం రాదు. ఏం చేయనే నేను? రోజంతా ఏం చేయను?

ఇంకొక సంగతి. ఆ ఆదివారం కొట్టు నుంచి నువ్వు చేసినప్పుడు ఫోను ఎత్తింది నేనే. నువ్వు "హలో, నీసీ, హలో, ఎవరూ?" అని అరిచావు. నేను పలుకుతూనే ఉన్నాను. లైను బాగాలేదనుకుని నువ్వు పెట్టేశావు. ఆ చప్పుడు విన్నాక రిసీవరు చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

వచ్చే ఆదివారం చర్చి నుంచి తిన్నగా ఇంటికి రా. కొత్త ఫోను మోగుతుంది. నంబరు క్లోవిస్ తిప్పి నాకిచ్చి బయటికి పోతాడు. నువ్వు ఎత్తగానే అవతల ఎవరూ పలకరు. రిసీవరు నేను నోటి దగ్గర కాదు, మెడ దగ్గర పెట్టుకుంటాను. ఊపిరి ఇప్పుడు అక్కడి నుంచే. బుసబుసమని చప్పుడు వస్తే భయపడకు, అది నేనే. ఏమీ అడగకు, నాకు ఏడుపొస్తుంది. ఇవాళ ఏం వండావో చెప్పు. ఫానీ ఎవరి మీద చాడీలు చెప్పిందో చెప్పు. చెప్పడానికి ఏమీ లేకపోతే పొయ్యి దగ్గర గిన్నెలు కడుక్కుంటూ ఉండు, వింటాను.

పెట్టేయకు అక్కా.

నీసీ